పాలు పోసేవారి చేతికే పగ్గాలు: త్రిభువన్‌దాస్ పటేల్ జీవనయానం

సహకార రంగానికంటూ ఒక జాతీయ విశ్వవిద్యాలయాన్ని గుజరాత్‌లోని ఆనంద్ పట్టణంలో నెలకొల్పేందుకు 2025లో పార్లమెంటు చట్టం చేసింది. దానికి పెట్టిన పేరు త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయం. ఆ పేరు వార్తల్లోకి వచ్చినప్పుడు, ఇంతకీ ఈ త్రిభువన్ ఎవరన్న సందేహం చాలామందికి కలిగింది. అమూల్ వెన్న తెలియని పట్టణం దేశంలో లేదు. శ్వేత విప్లవ పితామహుడిగా వర్గీస్ కురియన్ పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది. ఆ కురియన్‌ను ఆనంద్‌లో నిలిపి, ఆయన వెనుక రెండు దశాబ్దాలకు పైగా కొండలా నిలబడిన రైతు నాయకుడు త్రిభువన్‌దాస్ కిషీభాయ్ పటేల్ మాత్రం గుజరాత్ వెలుపల అంతగా ప్రచారానికి నోచుకోలేదు.

పల్లెలు బాగుపడాలంటే ప్రభుత్వం, వ్యాపార సంస్థలు, గ్రామస్థులు కలిసి నడవాలని నేడు ప్రతి వేదిక మీదా వినిపిస్తుంది. ఎవరు ముందు నడవాలి, లాభం ఎవరి చేతికి చేరాలి, పగ్గాలు ఎవరి దగ్గర ఉండాలి అన్న ప్రశ్నలు మాత్రం అంత తరచుగా వినిపించవు. త్రిభువన్‌దాస్ ప్రజాజీవితంలో ప్రధాన ఘట్టం సరిగ్గా ఈ ప్రశ్నల దగ్గరే మొదలైంది. ఆయన రంగంలోకి దిగేనాటికి ఆనంద్‌లో ప్రభుత్వమూ, వ్యాపారమూ చక్కగా చేతులు కలిపే ఉన్నాయి. ఆ ఒప్పందంలో చోటు దక్కనిది పాలు పితికే రైతుకే.

త్రిభువన్‌దాస్ 1903 అక్టోబరు 22న ఆనంద్‌లో ఒక పాటీదార్ రైతు కుటుంబంలో జన్మించారు. ఆనంద్ అప్పట్లో ఖేడా జిల్లాలో భాగం. ఆంగ్లేయుల రికార్డుల్లో దాని పేరు కైరా. పొగాకు, పత్తి, సజ్జలు పండే సారవంతమైన నేల అది. సేద్యంతో పాటు ప్రతి ఇంటి ముంగిట ఒకటో రెండో గేదెలు ఉండేవి. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లే చేతికి వస్తుంది. పాల డబ్బుతోనే రోజువారీ ఇల్లు గడుస్తుంది. కోస్తా ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా పాడి ఉన్న ఇంట్లో పెరిగినవారికి ఈ లెక్కను విడమరచి చెప్పనవసరం లేదు.

ఆ జిల్లాకు మరో వారసత్వం కూడా ఉంది. పంటలు దెబ్బతిన్న ఏడాది కూడా శిస్తు వసూలు చేయబూనిన ప్రభుత్వంపై 1918లో గాంధీజీ నాయకత్వాన ఖేడా రైతులు సత్యాగ్రహం చేశారు. వల్లభ్‌భాయ్ పటేల్ న్యాయవాద వృత్తిని పక్కనపెట్టి రైతుల మధ్యకు వచ్చింది ఆ ఉద్యమంలోనే. అప్పటికి త్రిభువన్‌దాస్ పద్నాలుగేళ్ల బాలుడు. గాంధీజీ స్థాపించిన గుజరాత్ విద్యాపీఠంలో చదువుకున్న ఆయన సహజంగానే ఆ బాటలో నడిచారు. ఉప్పు సత్యాగ్రహ కాలమైన 1930లో, తిరిగి 1935లో, క్విట్ ఇండియా ఉద్యమం సాగిన 1942లో జైలుకు వెళ్లారు. ఖద్దరు, హరిజనోద్ధరణ, గ్రామసేవ, కాంగ్రెస్ పని, ఇవే ఆయన యౌవనం. సంపన్న వ్యాపారి కాగల అవకాశం ఉన్న కుటుంబం నుంచి వచ్చి, జీవితాంతం సాదా ఖాదీ దుస్తుల్లో ఊళ్లు తిరిగిన మనిషిగానే ఆయన గుర్తుండిపోయారు.

ఇక పాల కథకు వద్దాం.

ఆనంద్‌లో పాల వ్యాపారమంతా పోల్సన్ అనే సంస్థ చేతిలో ఉండేది. కాఫీ పొడి వ్యాపారంతో మొదలైన ఆ సంస్థ ఆనంద్‌లో పెద్ద డెయిరీ కట్టి, పోల్సన్ వెన్నతో పశ్చిమ భారతమంతటా పేరు సంపాదించింది. నిజం చెప్పాలంటే అది సమర్థమైన సంస్థే. యంత్రాలు తెచ్చింది, శుభ్రత పాటించింది, చెడిపోయే సరుకును దూరప్రాంతాలకు చేర్చే మెలకువ నేర్చింది. అదే కాలంలో బొంబాయి నగరానికి మంచి పాలు దొరకడం గగనమైంది. నగరంలోని పశువుల కొట్టాల నుంచి వచ్చే పాల నాణ్యతపై ప్రభుత్వానికే నమ్మకం లేదు. అందుకే 1945లో బొంబాయి ప్రభుత్వం ఒక పాల పథకాన్ని ప్రవేశపెట్టింది. 400 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఆనంద్ నుంచి పాలను శుద్ధిచేసి, చల్లబరచి రైలులో బొంబాయికి చేర్చాలి. ఆ బాధ్యతను ప్రభుత్వం పోల్సన్‌కు అప్పగించింది. చుట్టుపక్కల గ్రామాల్లో పాలు సేకరించే గుత్త హక్కు కూడా ఆ సంస్థకే దక్కింది.

నగరానికి పాలు అందాయి. ప్రభుత్వానికి పథకం విజయవంతమైందన్న పేరు వచ్చింది. సంస్థకు లాభమూ, సంస్థ తరఫున ఊళ్లలో పాలు సేకరించే గుత్తేదారులకు వారి వాటా వచ్చాయి. పాడి రైతుకు చేరే ధర మాత్రం దాదాపు మారలేదు. బొంబాయిలో పాల ధర పెరిగినా ఆ పెరుగుదల ఊరి పొలిమేర దాటి లోపలికి రాలేదు. కొలతలో కోత, పులిసిపోయాయన్న సాకుతో తిరస్కరణ, చలికాలంలో పాలు వెల్లువెత్తినప్పుడు ధర తగ్గింపు మామూలయ్యాయి. వేరొకరికి అమ్ముకుందామంటే చట్టం అడ్డు. పితికిన పాలు సాయంత్రానికి విరిగిపోతాయి గనుక, ధర వచ్చేదాకా ధాన్యంలా గాదెలో దాచుకోవడం కుదరదు. పాడి రైతు బలహీనత ఇదే. దళారి బలమూ ఇదే.

రైతులు సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ వద్దకు వెళ్లి మొర పెట్టుకున్నారు. ఆయనది ఈ విషయంలో మొదటినుంచీ ఒకటే అభిప్రాయం. ధర పెంచమని గుత్తేదారును వేడుకుంటే ఈ ఏడాది ఒక అణా పెరగవచ్చు, వచ్చే ఏడాది అదీ పోవచ్చు. పాలు సేకరించడం, శుద్ధి చేయడం, అమ్మడం అన్నీ రైతుల సొంత సహకార సంఘం చేతుల్లోకి రావాలి. అందుకు ప్రభుత్వం ఒప్పుకోకపోతే పాలు పోయడం మానేయాలి, ఆ నష్టాన్ని భరించే సత్తా ఉంటేనే ఈ పనికి పూనుకోవాలని ఆయన రైతులను ముందే హెచ్చరించారు. ఆ తరువాత మొరార్జీ దేశాయ్‌ని ఖేడా జిల్లాకు పంపారు. 1946 జనవరి 4న సమర్ఖా గ్రామంలో రైతుల సభ జరిగింది. ఊరూరా పాల ఉత్పత్తిదారుల సంఘం ఏర్పడాలని, ఆ సంఘాలన్నీ కలిసి జిల్లా యూనియన్‌గా రూపొందాలని, ప్రభుత్వం ఆ యూనియన్ నుంచే పాలు కొనాలని, లేదంటే జిల్లాలో ఏ గుత్తేదారుకూ ఒక్క చుక్క పాలు పోయరాదని సభ తీర్మానించింది. ఈ కార్యాన్ని నడిపించే భారం త్రిభువన్‌దాస్ భుజాల మీద పడింది. అప్పటికి ఆయన వయసు 42.

ప్రభుత్వం అంగీకరించలేదు. పాల సమ్మె మొదలైంది.

మాటల్లో చెప్పినంత తేలిక కాదు పాల సమ్మె. మిల్లు కార్మికుడు సమ్మె చేస్తే యంత్రం ఆగుతుంది. గేదెకు సమ్మె తెలియదు. పొద్దున, సాయంత్రం పాలు పితకక తప్పదు. పితికిన పాలను ఏదో ఒకటి చేయక తప్పదు. రోజూ వచ్చే డబ్బు ఆగిపోతే దాణా ఎక్కడి నుంచి వస్తుంది? ఇలాంటి స్థితిలో ఊరికి పదిమంది చాటుగా గుత్తేదారుకు పాలు పోసినా సమ్మె అక్కడితో కూలిపోయేది. పదిహేను రోజులపాటు అలా జరగలేదు. ఖేడా నుంచి బొంబాయికి పాలు వెళ్లలేదు. నగరంలోని పాల పథకం కుప్పకూలే దశకు చేరింది. చివరికి పాల కమిషనర్‌గా ఉన్న ఆంగ్ల అధికారి స్వయంగా ఆనంద్ వచ్చి పరిస్థితి చూసి, రైతుల కోరికను అంగీకరించారు.

1946 డిసెంబరు 14న ఖేడా జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల యూనియన్ రిజిస్టరైంది. త్రిభువన్‌దాస్ దాని అధ్యక్షులయ్యారు. సమ్మెలో గెలవడం ఒక ఎత్తు. గెలిచిన తరువాత రోజూ తెల్లవారుజామున డెయిరీ నడపడం మరో ఎత్తు. మన దేశంలో ఎన్నో రైతు ఉద్యమాలు మొదటిదాన్ని సాధించి రెండోదాని దగ్గర ఆగిపోయాయి. త్రిభువన్‌దాస్ ప్రత్యేకత ఇక్కడే కనిపిస్తుంది. ఊరేగింపులకు అలవాటుపడిన కాంగ్రెస్ కార్యకర్త కాస్తా పాలక్యాన్లు, వెన్న శాతం, రైలు వేళల లెక్కల్లోకి దిగారు. ఊరూరా తిరిగి, రచ్చబండల మీద కూర్చొని, సంఘం అంటే ఏమిటో, అది ఎవరి సొత్తో ఓపికగా వివరించారు. యూనియన్ పాల శుద్ధి ప్రారంభించినది 1948 జూన్‌లో. అప్పటికి చేరిన గ్రామ సంఘాలు బహు కొద్ది. రోజుకు వచ్చిన పాలు సుమారు 250 లీటర్లు. పోల్సన్ వంటి సంస్థ ముందు అది లెక్కలోకి రానంత స్వల్పం. ఏడాది చివరికి 432 మంది రైతులు చేరి, పాలు రోజుకు 5,000 లీటర్లకు పెరిగాయి.

గ్రామ సంఘం పనిచేసే తీరు చూడడానికి చాలా మామూలుగా ఉంటుంది. బలమంతా ఆ మామూలుతనంలోనే ఉంది. ఉదయం, సాయంత్రం నిర్ణీత సమయానికి సంఘం గది తలుపు తెరుచుకుంటుంది. సభ్యులు పాత్రలతో వరుసలో నిలబడతారు. ప్రతి పాత్ర నుంచి కొద్దిగా నమూనా తీసి వెన్న శాతం పరీక్షిస్తారు. ధర దాన్ని బట్టే. నీళ్లు కలిపితే కలిపినవారికే నష్టం. ఉదయం పోసిన పాలకు సాయంత్రం, సాయంత్రం పోసిన పాలకు మర్నాడు ఉదయం డబ్బు చేతికి వస్తుంది. పది గేదెలున్న భూస్వామికైనా, సెంటు భూమి లేక ఒకే గేదెతో బతికే ఇంటికైనా సంఘంలో ఓటు ఒక్కటే. వరుస కూడా ఒక్కటే. అగ్రకులాల వెనుక నిలబడే అలవాటు తప్ప మరొకటి ఎరగని వారు, ముందుగా వచ్చిన రోజున ముందు నిలబడే హక్కు పొందారు. హరిజన సేవలో పనిచేసి వచ్చిన త్రిభువన్‌దాస్‌కు ఈ వరుస ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. ఏడాది చివర మిగులును వాటా ధనాన్ని బట్టి కాక పోసిన పాలను బట్టి సభ్యులకు పంచేవారు. కొంత భాగం ఊరి బడికో, బాటకో, మంచినీటి బావికో వెళ్లేది.

గ్రామ సంఘాల సభ్యులు తమ కమిటీని, ఆ సంఘాల అధ్యక్షులు జిల్లా యూనియన్ పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు. ఆ పాలకవర్గం జీతమిచ్చి నిపుణులను నియమించుకుంటుంది. ఇంజినీరైనా, పశువైద్యుడైనా, మార్కెటింగ్ మేనేజరైనా రైతుల ఉద్యోగే. వ్యాపార దక్షత కావాలి, కానీ అది యజమానిగా కాక ఉద్యోగిగా రావాలన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. పోల్సన్ రోజుల్లో ఉన్న క్రమం దీనితో పూర్తిగా తలకిందులైంది.

ఆ మొదటి పెద్ద ఉద్యోగి వర్గీస్ కురియన్. కాలికట్‌లో పుట్టి, ప్రభుత్వ ఉపకారవేతనంతో అమెరికాలో చదివిన యువ ఇంజినీరు. ఉపకారవేతనం ఒప్పందం ప్రకారం కొంతకాలం ప్రభుత్వం చెప్పిన చోట పనిచేయాలి గనుక, 1949 మే నెలలో ఇష్టం లేకుండానే ఆనంద్‌లోని ప్రభుత్వ క్రీమరీలో చేరారు. అక్కడ చేసేందుకు పెద్దగా పనేమీ లేదు. ఎప్పుడెప్పుడు వెళ్లిపోదామా అని రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. ఆ ఆవరణలోనే పాత యంత్రాలు అద్దెకు తీసుకొని రైతుల యూనియన్ నెట్టుకొస్తోంది. యంత్రాలు తరచూ మొరాయించేవి. త్రిభువన్‌దాస్ పక్కనే ఉన్న ఈ యువకుడి సాయం కోరేవారు. కురియన్ బాగుచేసి ఇచ్చేవారు. చివరికి ఆ తుప్పు యంత్రాలతో వేగలేమని, కొత్త పాశ్చరీకరణ యంత్రం కొనాలని కురియన్ సలహా ఇచ్చారు. దాని ధర సుమారు 60 వేల రూపాయలు. అప్పటి యూనియన్ స్థాయికి అది తలకు మించిన భారం. త్రిభువన్‌దాస్ ఆ సొమ్ము సమకూర్చారు. తనకంటే పద్దెనిమిదేళ్లు చిన్నవాడైన, ఉద్యోగం వదిలి వెళ్లబోతున్న ఇంజినీరు మాట మీద అంత సొమ్ము పెట్టడం సాహసమే. ప్రభుత్వ ఉద్యోగం నుంచి విడుదలై ఊరు వదలడానికి సిద్ధమైన కురియన్‌ను, కనీసం ఆ యంత్రం నడిచేదాకా ఉండమని ఆయనే ఒప్పించారు. కొద్ది నెలలనుకున్నది జీవితకాలమైంది.

ఈ ఇద్దరి మధ్య పొత్తు గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. ఒకరు గుజరాతీ వైష్ణవ సంప్రదాయంలో పెరిగిన శాకాహార రైతు, గాంధేయవాది. మరొకరు మలయాళ క్రైస్తవుడు, దేవుడిని పెద్దగా నమ్మనివాడు, సూటు వేసుకునేవాడు, ముక్కుసూటిగా మాట్లాడి పెద్దలను నొప్పించేవాడు. గుజరాతీ భాష కూడా అంతంతమాత్రం. సాధారణంగా ఇలాంటి సంస్థల్లో అధ్యక్షుడు మేనేజరు పనిలో వేలు పెడతాడు, లేదా మేనేజరు అధ్యక్షుడిని బొమ్మను చేస్తాడు. ఆనంద్‌లో రెండూ జరగలేదు. ఊళ్లలో సంఘాలు పెట్టించడం, తగాదాలు తీర్చడం, రాజకీయ ఒత్తిళ్లు వస్తే వాటిని తన దగ్గరే ఆపడం త్రిభువన్‌దాస్ పని. డెయిరీ లోపల ఎవరిని ఉద్యోగంలో పెట్టాలి, ఏ యంత్రం కొనాలి, సరుకు ఎక్కడ అమ్మాలి అన్నది కురియన్ పని. త్రిభువన్‌దాస్ స్వయంగా కాంగ్రెస్ నాయకుడు. తరువాతి కాలంలో గుజరాత్ ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా, రాజ్యసభ సభ్యుడిగా కూడా పనిచేశారు. అయినా పార్టీ మనుషులకు డెయిరీలో ఉద్యోగాలిప్పించే ఆనవాయితీని రానివ్వలేదు. ఆయన చేసిన పనుల్లో అన్నింటికంటే కష్టమైనది ఇదేనని నా అభిప్రాయం. చేసిన పనులు లెక్కకు వస్తాయి. చేయకుండా నిగ్రహించుకున్నవి ఎవరి లెక్కలోకీ రావు.

యాభయ్యో దశకం మొదట్లో సంస్థను ముంచేంత పెద్ద సమస్య చలికాలపు పాల రూపంలో వచ్చింది. గేదెలు వేసవిలో ఇచ్చే పాలకు రెండింతలకు మించి శీతకాలంలో ఇస్తాయి. బొంబాయి పాల పథకానికి ఏడాది పొడవునా కావలసింది దాదాపు ఒకే పరిమాణం. మిగిలిన పాలు మాకొద్దని చలికాలంలో ప్రభుత్వం చేతులెత్తేసేది. గుత్తేదారు అయితే ఆ రోజుల్లో రైతును వెనక్కి పంపేవాడు. సంఘం తన సభ్యుణ్ణి వెనక్కి పంపితే ఇక సంఘం ఎందుకు? కాబట్టి మిగులు పాలను పొడిగా, వెన్నగా మార్చే కర్మాగారం తప్పనిసరి అయింది. అయితే గేదె పాలలో కొవ్వు ఎక్కువ గనుక వాటిని పొడిగా మార్చడం సాధ్యం కాదని పాశ్చాత్య నిపుణులు భావించేవారు. వారి దేశాల్లో పాలిచ్చేది ఆవులే. కురియన్ సహచరుడు హెచ్.ఎం. దలాయా అది సాధ్యమేనని ప్రయోగం చేసి చూపించారు.

ఈ కర్మాగారం కట్టిన తీరులో ప్రభుత్వ సహాయం ఎలా ఉండాలన్నదానికి మంచి నమూనా దొరుకుతుంది. యూనిసెఫ్ యంత్రాలు ఇచ్చింది. అందుకు బదులుగా జిల్లాలోని పేద పిల్లలకు యూనియన్ ఉచితంగా పాలు అందించాలన్నది షరతు. కొలంబో ప్రణాళిక కింద న్యూజిలాండ్ ప్రభుత్వం చేయూతనిచ్చింది. బొంబాయి ప్రభుత్వం దన్నుగా నిలిచింది. ఇంతమంది సాయం చేసినా కర్మాగారం రైతుల యూనియన్ సొత్తుగానే ఉంది. సాయం చేసినవారెవరికీ పాలకవర్గంలో పెత్తనం దక్కలేదు. 1954 నవంబరులో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఏడాది తిరగకుండానే, సర్దార్ పటేల్ జయంతి అయిన 1955 అక్టోబరు 31న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. గేదె పాలను పొడిగా మార్చే కర్మాగారం ప్రపంచంలో అదే మొదటిది. తమ సంస్థకు దారి చూపిన సర్దార్ ఆ రోజు చూడడానికి లేరు. అప్పటికి ఐదేళ్ల క్రితమే ఆయన కన్నుమూశారు.

1957లో అమూల్ అన్న వాణిజ్య నామం వచ్చింది. అమూల్యం అన్న సంస్కృత పదానికి దగ్గరగా, ఆనంద్ పాల యూనియన్ ఆంగ్లనామపు పొడి అక్షరాలు కలిసొచ్చేలా పెట్టిన పేరది. వెన్న మార్కెట్‌లో మొదట్లో అమూల్‌కు ఆదరణ లభించలేదు. కొద్దిగా పులిసిన మీగడతో, ఉప్పు ఎక్కువగా చేసే పోల్సన్ వెన్నకు జనం నాలుక అలవాటుపడింది. తాజా మీగడతో చేసిన వెన్న చప్పగా అనిపించింది. మార్కెట్ అనేది రైతు న్యాయాన్ని చూసి సరుకు కొనదని ఆనంద్ సంస్థకు త్వరగానే తెలిసివచ్చింది. కొనేవారి రుచిని మన్నించి వెన్న తయారీని మార్చుకున్నారు. ప్రకటనలు చేశారు. కాలక్రమంలో పోల్సన్ వెనకబడి, చివరికి మార్కెట్ నుంచి తప్పుకుంది.

1963లో సామాజిక నాయకత్వానికి గాను రామన్ మెగసెసే పురస్కారాన్ని ముగ్గురికి కలిపి ప్రకటించారు. ఒకరు త్రిభువన్‌దాస్, మరొకరు కురియన్, మూడోవారు బొంబాయి పాల కమిషనర్‌గా పనిచేసిన దారా ఖురోడీ. రైతు ప్రతినిధి, నిపుణుడైన మేనేజరు, ప్రభుత్వ అధికారి. పాల పరిమాణం మీద, ధరల మీద బొంబాయి పథకానికీ ఆనంద్‌కూ మధ్య ఏళ్ల తరబడి సాగిన పెనుగులాట తెలిసినవారికి ఈ కలయిక కాస్త నవ్వు తెప్పిస్తుంది. ఒకే వేదిక మీద ఆ ముగ్గురూ అంత సఖ్యంగా కనిపించడం అరుదు. కానీ పురస్కార నిర్ణేతల ఎంపిక తప్పు కాదు. నగరంలో కొనే ప్రభుత్వం, నడిపే నేర్పరి, పోసే రైతు ముగ్గురూ ఉంటేనే గొలుసు పూర్తవుతుంది. పెనుగులాట కూడా ఆ పొత్తులో భాగమే. మరుసటి ఏడాది, 1964లో త్రిభువన్‌దాస్‌కు భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది.

అదే ఏడాది అక్టోబరులో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి కంజరిలోని పశుదాణా కర్మాగారాన్ని ప్రారంభించేందుకు ఆనంద్ వచ్చారు. అంతకుముందు రాత్రి అజర్‌పురా గ్రామంలో ఒక రైతు ఇంట బస చేశారు. పెద్దగా బందోబస్తు లేకుండా ఊరిలో తిరిగి, పాల సంఘం వల్ల ఏం మారిందో ఇంటింటా అడిగి తెలుసుకున్నారు. ఇక్కడి గేదె గొప్ప జాతిదేమీ కాదు, నేల పంజాబు నేలంత సారవంతమూ కాదు, మరి ఈ డెయిరీ మాత్రమే ఎందుకు నిలదొక్కుకుంది అన్నది ఆయన ప్రశ్న. యజమానులు రైతులే కావడం వల్ల అన్నది ఆయనకు దొరికిన సమాధానం. దేశమంతటా ఆనంద్‌లు రావాలన్న ఆయన సంకల్పంతో 1965లో జాతీయ పాడి అభివృద్ధి మండలి ఏర్పడింది. దాని కార్యాలయం ఢిల్లీలో కాక ఆనంద్‌లోనే పెట్టారు. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ ప్రారంభమైంది. ఐరోపా దేశాలు ఉచితంగా ఇచ్చిన పాలపొడి, వెన్ననూనెలను అమ్మి, ఆ సొమ్ముతో ఇక్కడి డెయిరీలను నిర్మించిన కార్యక్రమమది.

అయితే దేశమంతా ఆనంద్‌లు వచ్చాయా? మన ప్రాంతాన్నే చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పాడి అభివృద్ధి మొదట ప్రభుత్వ శాఖగా మొదలై, 1974లో ప్రభుత్వ కార్పొరేషన్‌గా మారి, 1981లో సహకార సమాఖ్య రూపం దాల్చింది. ఆనంద్‌లో రైతులు ముందు వచ్చి ప్రభుత్వాన్ని ఒప్పించారు. ఇక్కడ ప్రభుత్వం ముందు వచ్చి రైతులను చేర్చుకుంది. పాల సేకరణ పెరిగింది, శీతలీకరణ కేంద్రాలు వెలిశాయి, విజయ పాలు ఇంటింటికీ చేరాయి. అది తక్కువ మేలు కాదు. కానీ సంఘం తమదన్న భావన చాలాచోట్ల రైతుకు కలగలేదు. ఎన్నికైన పాలకవర్గాలను పక్కనపెట్టి అధికారులను నియమించే అవకాశం సహకార చట్టాల్లోనే ఉండేది. ప్రభుత్వ వాటా ధనం తీసుకోకుండా, ప్రభుత్వ జోక్యం లేకుండా సంఘాలు పెట్టుకునే వీలు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తెచ్చింది. ఇలాంటి చట్టం దేశంలో అదే మొదటిది. నాటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో పూర్తిగా మహిళలే సభ్యులుగా, మహిళలే పాలకవర్గంగా నడుస్తున్న స్వకృషి డెయిరీ ఆ చట్టం నీడలో పుట్టినదే. త్రిభువన్‌దాస్ దాన్ని చూడలేదు. చూసి ఉంటే, ఖేడాలో తాము పూర్తి చేయలేకపోయిన ఒక పని అక్కడ జరిగిందని తప్పక గుర్తించేవారు.

ఎందుకంటే ఖేడా ప్రయోగంలోనూ లోటు ఉంది. గడ్డి కోసేది, దాణా కలిపేది, పేడ ఎత్తేది, పాలు పితికేది, సంఘానికి మోసుకెళ్లేది ఎక్కువగా ఆడవారు. సభ్యత్వం, ఓటు, పాలకవర్గంలో కుర్చీ ఎక్కువగా మగవారివి. పితృస్వామ్యాన్ని పాలక్యాను ఒక్కటే కదిలించలేకపోయింది. పాటీదార్ల పలుకుబడి, రైలుమార్గం దగ్గరగా ఉండడం, బొంబాయి వంటి మహానగరం కొనుగోలుదారు కావడం, సత్యాగ్రహంలో ఆరితేరిన జనం, ఇవన్నీ ఒకేచోట కలిసిరావడం ఖేడా అదృష్టం. ఇవేవీ లేని జిల్లాలో అదే చట్టం, అదే నమూనా కాగితాలు తీసుకెళ్లి పెడితే అదే ఫలితం రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

డెబ్బయ్యో దశకం ఆరంభంలో, సంస్థ ఎదుగుదల జోరుగా ఉన్నప్పుడే త్రిభువన్‌దాస్ తనంతట తాను అధ్యక్ష పదవి నుంచి తప్పుకున్నారు. సహకార సంఘాల పెద్దలు కుర్చీ మీదే వృద్ధులయ్యే మన దేశంలో ఇది అరుదైన సంగతి. గ్రామ సంఘాల సభ్యులు కృతజ్ఞతగా తలా కొంత వేసుకొని దాదాపు 6 లక్షల రూపాయలు ఆయనకు కానుకగా సమర్పించారు. ఆయన ఆ సొమ్మును ఇంటికి తీసుకెళ్లలేదు. దానితో త్రిభువన్‌దాస్ ఫౌండేషన్ అనే ధర్మసంస్థకు పునాది వేశారు. ఖేడా జిల్లా పల్లెల్లో తల్లుల, పిల్లల ఆరోగ్యం చూడడం దాని పని.

ఈ ఎంపిక ఊరికే జరిగింది కాదు. గేదెకు జబ్బు చేస్తే కబురు పంపిన కొన్ని గంటల్లో యూనియన్ పశువైద్యుడు జీపులో ఊరికి వచ్చేవాడు. ఆ గేదెను పోషించే ఇంట్లో గర్భిణికి కష్టమొచ్చినా, పసిబిడ్డకు జ్వరం వచ్చినా అంత త్వరగా వచ్చేవారు ఎవరూ లేరు. పాల వ్యవస్థ విజయమే ఈ తేడాను బయటపెట్టింది. ఊరూరా అప్పటికే ఉన్న పాల సంఘాన్నే ఆధారం చేసుకొని ఫౌండేషన్ పని మొదలుపెట్టింది. ఆ ఊరి మహిళనే ఎంచుకొని, శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తగా నిలబెట్టడం, ప్రసవానికి ముందూ తరువాతా తల్లులను కనిపెట్టుకొని ఉండడం, పిల్లల బరువు తూచి పోషకాహార లోపాన్ని ముందే పసిగట్టడం వంటి పనులు చేపట్టింది. రాజ్యసభ సభ్యత్వం, పార్టీ పదవులు ముగిసిన తరువాత త్రిభువన్‌దాస్ మిగిలిన శక్తి చాలావరకు దీనికే వెచ్చించారు.

1994 జూన్ 3న ఆయన మరణించారు. వయసు తొంభై దాటింది. మరో నాలుగేళ్లకు, 1998లో, పాల ఉత్పత్తిలో అమెరికాను దాటి భారతదేశం ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. ఆనంద్ చుట్టుపక్కల ఊళ్లలో పాల సంఘం తలుపు ఇప్పటికీ రోజుకు రెండుసార్లు తెరుచుకుంటుంది.